బరువు తగ్గమన్నారు, నడిచే గట్టు మాత్రం ఇవ్వలేదు: డెల్టా జిల్లాల అధికారులకు బహిరంగ లేఖ

కోనసీమ, తూర్పుగోదావరి, పశ్చిమగోదావరి, కాకినాడ, ఏలూరు జిల్లాల కలెక్టర్లకు, వైద్య ఆరోగ్య, విద్య, జలవనరులు, పంచాయతీరాజ్ శాఖల అధికారులకు,

అయ్యా, అమ్మా, నమస్కారం.

పొగడ్తలతో మీ టైము తీసుకోను. గోదారి వరదొచ్చినప్పుడల్లా మీ సిబ్బంది లంకల్లోకి పడవలేసుకుని రావడం మేం చూశాం. ఆ గౌరవం మాకుంది, ఆ చొరవతోనే ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను రిటైరైన ఏఎన్ఎంని. మాది కోనసీమలో కాలవ పక్క ఊరు. దూలానికి వేలాడదీసిన స్ప్రింగు కాటాలో పసిపిల్లల్ని తూచి, గ్రోత్ చార్టులో చుక్కలు పెట్టడంతోనే నా సర్వీసు చాలావరకు గడిచిపోయింది. ఆ రోజుల్లో బరువంటే మా డిపార్టుమెంటుకి ఒకటే బెంగ, తక్కువుందేమోనని. ఇప్పుడు అదే వీధిలో, ఒకే ఇంట్లో, అత్తగారికి ఇరవై కిలోలు ఎక్కువ, కడుపుతో ఉన్న కోడలికి ఎనిమిది కిలోలు తక్కువ. ఇద్దరూ మందులు మింగుతున్నారు, ఇద్దరికీ నీరసమే.

కిందటి ఎండాకాలం మా ఊరి డ్వాక్రా సంఘాల ఆడవాళ్లం కలిసి సోమవారం అర్జీల రోజున ఒక అర్జీ ఇచ్చాం. మూడే అడిగాం. కాలవ గట్టు మీద పోసిన పూడిక మట్టి తీయించి నడిచే దారి చెయ్యండి, సబ్ సెంటర్లో పాడైన కాటా బాగుచేయించండి, హైస్కూల్లో ఆటల పీరియడు ఆటలకే ఉంచండి అని. రసీదు ఇచ్చారు. తర్వాత ఫోనుకి మెసేజ్ వచ్చింది, "మీ అర్జీ పరిష్కరించబడినది" అని. ఏం పరిష్కరించారో కనుక్కుందామని వెళ్తే గట్టు మా పరిధి కాదని ఒకరు, కాటా ఇండెంటు పైకి పంపామని ఒకరు, సిలబస్ అవ్వాలి కదమ్మా అని ఇంకొకరు. అర్జీ పరిష్కారమైంది, మట్టి మాత్రం ఎక్కడి గొంగళి అక్కడే. ఏ ఆఫీసో పేరు రాయడం లేదు. ఎవరి మీదా కక్ష లేదు.

అక్కడ ఒక పెద్దాయన మర్యాదగానే ఒక మాటన్నారు. "లావు తగ్గడం ఎవరికి వాళ్లు చూసుకోవాల్సిన విషయం కదండీ, నోరు కట్టుకుంటే సరిపోతుంది. దానికి గవర్నమెంటు ఏం చేస్తుంది?" ఆయన ఒక్కరే కాదు, చాలామంది అనుకునేది అదే. అందుకే ఇక బహిరంగంగా రాస్తున్నాను. బరువు సొంత విషయమే. దాని బిల్లు మాత్రం ఊరంతా కడుతోంది.

ముందు విషయం ఏమిటో చెబుతాను, ఆ తర్వాత మా కోర్కెలు.

1. ఎవరికి ఎంత బరువు ఉండాలన్నది ఇప్పటికీ మా ఊళ్లలో కంటిచూపు లెక్కే. కాస్త ఒళ్లు చేస్తే "ఇప్పుడు కళగా ఉన్నావమ్మా" అంటారు, తగ్గితే "చిక్కి సగమైపోయావేంటి" అంటారు. డాక్టర్ల లెక్క వేరే ఉంది. కిలోల బరువుని మీటర్లలో ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చేదే బీఎంఐ. మన దేశస్థులకి అది 18.5 నుంచి 23 లోపు ఉండాలి, 25 దాటితే ఊబకాయం. ఈ లెక్కన అయిదడుగుల మనిషికి 43 నుంచి 53 కిలోల మధ్య ఉంటే మంచిది, 58 దాటితే ఊబకాయం కిందే లెక్క. అయిదున్నర అడుగుల మగవాళ్లకి 52 నుంచి 64, దాటకూడనిది 70. ఈ అంకెలు చెబితే మా వాకింగ్ ఆడవాళ్లు సగం మంది నమ్మలేదు. "యాభై మూడా? నా పెళ్లప్పుడు కూడా లేనండీ" అని నవ్వేశారు.

మనకి గీత అంత కిందికి గీయడానికి కారణముంది. చూడ్డానికి సన్నగా ఉన్నా మనవాళ్లలో కొవ్వు పాలు ఎక్కువ, కండ తక్కువ, ఆ కొవ్వు కూడా పొట్టలోకే చేరుతుంది. పుణె డాక్టరు చిత్తరంజన్ యాజ్ఞిక్, ఒక బ్రిటిష్ డాక్టరు కలిసి తమ ఒళ్లే పరీక్ష చేసుకుని 2004లో ప్రచురించారు. ఇద్దరి బీఎంఐ ఒకటే, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం ఆ దొరకి 9.1 శాతం, మనాయనకి 21.2 శాతం. అందుకే మనకి కాటాతో పాటు టేపు కూడా కావాలి. నడుము కొలత మగవాళ్లకి 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకి 80 దాటితే జాగ్రత్త పడాలి. టేపు లేకపోతే దారం చాలు. మనిషి ఎత్తుకి సరిపడా దారం తీసి సగానికి మడిస్తే, ఆ మడత నడుము చుట్టూ అందాలి. అసలు మన మగవాళ్లకి ఈ టేపు పుట్టినప్పటి నుంచీ నడుముకే ఉంది. పసివాడికి మొలతాడు బిగిస్తే ఎదుగుతున్నాడని సంతోషిస్తాం. నలభై ఏళ్ల మనిషికి బిగిస్తే తిరణాల్లో ఇంకాస్త పొడుగుది కొని కట్టుకుంటాడు, అంతే. ఎందుకు బిగిసిందని అడిగేవాళ్లు లేరు.

2. షుగరు. 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) అధ్యయనం ప్రకారం దేశంలో షుగరు ఉన్నవాళ్లు 10 కోట్ల పైమాటే, దాని గుమ్మంలో నిలబడినవాళ్లు ఇంకో 13.6 కోట్లు. పొట్ట లోపల, కాలేయం చుట్టూ చేరిన కొవ్వు ఇన్సులిన్‌ని పని చెయ్యనివ్వదు. వంశపారంపర్యం ఉంటుంది, కాదనను. కానీ వంశాన్ని మార్చుకోలేం, నడుముని మార్చుకోగలం. అమెరికాలో షుగరు గుమ్మంలో ఉన్నవాళ్లని తీసుకుని, ఒంటి బరువులో 7 శాతం తగ్గడం, వారానికి 150 నిమిషాలు నడవడం గురిగా పెట్టి చూస్తే, మూడేళ్లలో షుగరు వచ్చేవాళ్లు 58 శాతం తగ్గారు. 7 శాతమంటే 70 కిలోల మనిషికి అయిదు కిలోలు కూడా కాదు. బ్రిటన్‌లో అప్పటికే షుగరున్నవాళ్లకి డాక్టర్ల పర్యవేక్షణలో బాగా బరువు తగ్గిస్తే, ఏడాది తిరిగేసరికి దాదాపు సగం మందికి మందుల అవసరం లేకుండా షుగరు అదుపులోకొచ్చింది. (ఇది చదివి ఎవరూ మాత్రలు మానెయ్యకండి. అది డాక్టరు చెప్పాలి.)

ఇక దీని ఖర్చు. ప్రభుత్వ వైద్య సేవ కార్డు ఆపరేషన్‌కి పనికొస్తుంది. నెలనెలా షుగరు పరీక్షకి, టౌనుకి బస్సు ఛార్జీకి, ఆ రోజు పోయిన కూలికి పనికిరాదు. కిడ్నీ దాకా వెళ్తే వారానికి రెండు మూడు సార్లు డయాలసిస్. మనిషి మంచం మీద, తోడు వెళ్లే కొడుకు బస్సులో, ఇక ఆ ఇంట్లో సంపాదించేదెవరు?

3. మోకాళ్లు. ఇది కాస్త పెద్దగా రాస్తాను, ఎందుకంటే మా ఊళ్లో యాభై దాటిన ఆడవాళ్లలో ఈ మాట అననివాళ్లు అరుదు. మోకీలు అరిగినవాళ్ల మీద జరిగిన ఒక పరిశోధనలో తేలిందేమిటంటే, ఒంటి మీద ఒక కిలో తగ్గితే అడుగడుక్కీ మోకాలి మీద సుమారు నాలుగు కిలోల భారం తగ్గుతుంది. తిప్పి చూడండి. పది కిలోలు ఎక్కువున్న మనిషి నీళ్లబిందె దించుకుని గుమ్మం మెట్టెక్కిన ప్రతిసారీ నలభై కిలోలు అదనంగా మోస్తున్నట్టే. ఈ ఆడవాళ్లు పడుచుతనమంతా మోకాల్లోతు బురదలో నడుం వంచి నాట్లేసినవాళ్లు. ఆ అరుగుదల మీద ఈ బరువు గోరుచుట్టు మీద రోకటిపోటు. నొప్పని నడక మానేస్తారు, నడక మానేస్తే బరువు పెరుగుతుంది, బరువు పెరిగితే నొప్పి పెరుగుతుంది. మెడికల్ షాపులో రంగురంగుల నొప్పి మాత్రలు చీటీ లేకుండానే దొరుకుతాయి, ఏళ్లతరబడి వాటితో నెట్టుకొస్తారు. ఆ మాత్రలు కిడ్నీల మీద ఏం చేస్తాయో డాక్టర్లైన మీకు నేను చెప్పక్కర్లేదు. ఇంతా చేసి ఆస్పత్రికి వెళ్తే చీటీ చివర ఒక్క ముక్క: "బరువు తగ్గాలి." ఎలాగో చెప్పరు. అడిగితే, "ఇంత ఒళ్లేసుకుని వస్తే నేనేం చెయ్యనమ్మా" అని పదిమందిలో అన్నవాళ్లూ ఉన్నారు. ఆ మాట పడ్డ ఆవిడ మళ్లీ ఆ గుమ్మం తొక్కలేదు.

4. బీపీ, గుండె, పక్షవాతం సంగతి అందరికీ తెలిసిందే. కిలో బరువు తగ్గితే పై బీపీ సుమారు ఒక పాయింటు తగ్గుతుందన్న లెక్క మాత్రం జనానికి చెబితే ఉత్సాహం వస్తుంది, మీ పోస్టర్లలో వెయ్యండి. కాలేయానికి కొవ్వు పట్టడానికి మందు తాగక్కర్లేదు, పొట్ట చాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన కాన్సర్ పరిశోధన సంస్థ 2016లో 13 రకాల కాన్సర్లకి అధిక కొవ్వుతో సంబంధముందని తేల్చింది. ముట్లుడిగాక వచ్చే రొమ్ము కాన్సర్, గర్భసంచి లోపలి పొర కాన్సర్, పెద్దపేగు కాన్సర్ అందులో ఉన్నాయి. గురక గురించి మాత్రం ఎవరూ మాట్లాడరు, మాట్లాడినా నవ్వుకోడానికే. మెడ చుట్టూ కొవ్వు చేరి నిద్రలో ఊపిరి ఆగి ఆగి వచ్చే మనిషికి రాత్రి పడుకున్నా నిద్ర చాలదు. ఆ మనిషి తెల్లారి ఆటోలో పిల్లల్ని బడికి తీసుకెళ్తాడు, లేదా రొయ్యల లోడు లారీ తోలతాడు. ఒక్కరి బరువు పదిమంది మీదకి వస్తుందనడానికి ఇంతకంటే ఏం కావాలి?

5. పెళ్లై ఏళ్లు గడిచినా పిల్లలు లేరని మొక్కులు మొక్కే ఇళ్లలో కొన్నింటికి అసలు కారణం అమ్మాయి నెలసరి సరిగా రాకపోవడం, దాని వెనక పెరిగిన బరువు. పీసీఓడీ (హార్మోన్ల తేడాతో వచ్చే అండాశయాల సమస్య) ఉన్న అమ్మాయిలు ఒంటి బరువులో 5 నుంచి 10 శాతం తగ్గినా చాలామందికి నెలసరి దారిలో పడుతుంది. అధిక బరువుతో గర్భం వస్తే షుగరు, బీపీ, సిజేరియన్ అవకాశాలు పెరుగుతాయి. పుట్టిన బిడ్డకి కూడా రేపు షుగరు ముప్పు ఎక్కువ. ఈ మాటలు అత్తగార్ల చెవిన వెయ్యాల్సింది ఏఎన్ఎం, ఆశాలే. వాళ్లకి టైమేదీ, యాప్‌లో ఎంట్రీలు కొట్టుకోడానికే సరిపోవడం లేదు.

6. తక్కువ బరువు. లావు గోలలో దీన్ని మరిచిపోకండి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం మన రాష్ట్రంలో ఆడవాళ్లలో 36 శాతం మంది బీఎంఐ 25 మించి ఉన్నారు. దేశం మొత్తం మీద అది 24 శాతమే. అదే సర్వేలో మన రాష్ట్రంలో సుమారు 15 శాతం ఆడవాళ్లు ఉండాల్సిన దానికన్నా సన్నంగా ఉన్నారు. బక్కచిక్కిన ఒంటికి టీబీ త్వరగా పట్టుకుంటుంది. జార్ఖండ్‌లో టీబీ రోగుల ఇళ్లలో మిగతా కుటుంబానికి కూడా పోషకాహారం ఇచ్చి చూస్తే, ఇంట్లో కొత్తగా టీబీ వచ్చేవాళ్లు 39 శాతం తగ్గారని 2023లో ప్రచురించారు. టీబీ రోగికి నెలకి ఇచ్చే 500 రూపాయల్ని 2024 నవంబరు నుంచి 1000 చేశారు, మంచిదే. ఆ డబ్బు ఏ నెలది ఆ నెల పడితే ఇంకా మంచిది. ఇంకో మాట. ప్రయత్నించకుండా నాలుగైదు కిలోలు తగ్గిన మనిషిని చూసి "సన్నబడ్డావే, ఏం చేస్తున్నావేంటి?" అని మెచ్చుకోవడం మానాలి. అది షుగరు కావచ్చు, టీబీ కావచ్చు, కాన్సర్ కావచ్చు. ముందు పరీక్షకి పంపాలి.

ఇప్పుడు, ఇదంతా మా డెల్టాలోనే ఎందుకింత ముదిరిందని మీరు అడగొచ్చు. తిండిపోతులై కాదండీ.

ధవళేశ్వరం ఆనకట్ట వచ్చాక ఈ నేల వరి నేల అయింది. మార్టేరు పరిశోధన కేంద్రం ఇచ్చిన స్వర్ణ రకం వరి దేశమంతా పండింది. వరి మాకు తిండి, కూలి, పరువు అన్నీను. అన్నం ఎక్కువ తిన్నా అప్పట్లో పని కరిగించేది. కోత కొడవలితో, మోత నెత్తి మీద, ప్రయాణం సైకిలు మీద. ఇవాళ కోత మిషను ఎకరం చేనుని గంటా గంటన్నరలో తేల్చేస్తోంది, చాలాచోట్ల నాట్లు మానేసి వెదజల్లుతున్నారు, పక్క వీధికి కూడా బండే. పని సగానికి సగం తగ్గింది, కంచంలో అన్నం కుప్ప మాత్రం తాతల నాటి కొలతే. అదీ తెల్లగా మెరిసేదాకా పాలిష్ పట్టించిన బియ్యం. హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల్లో తిండి వల్ల వచ్చే శక్తిలో ధాన్యాల వాటా 45 శాతం మించకూడదని, కంచంలో సగం కూరగాయలు, ఆకుకూరలు, పళ్లే ఉండాలని ఉంది. మరి రేషన్లో చవగ్గా, కడుపునిండా దొరికేది బియ్యం ఒక్కటే. కందిపప్పు ధర చూసి సాంబారులో నీళ్లు పెంచే ఇల్లాలికి కంచంలో సగం కూరలు పెట్టుకోమని ఎవరు చెప్పగలరు?

మర్యాదల సంగతి కూడా చెప్పాలి. మా వైపు కంచానికి చెయ్యి అడ్డం పెడితే వేళ్ల సందుల్లోంచైనా వడ్డిస్తారు. వద్దంటే ఇల్లాలు నొచ్చుకుంటుంది. సంక్రాంతికి కొత్తల్లుడి ముందు వందల రకాలు పరిచి ఫోటోలు తీయడం మీరూ చూసే ఉంటారు. నేను దాన్ని తప్పుపట్టను. పండగ ఏడాదికి నాలుగు రోజులు, పూతరేకులూ కాజాలూ ఉన్న ఊళ్లో పుట్టి అవి తినొద్దంటే ఎవరు వింటారు? ఒళ్లు పెంచేది పండగ కాదు, మిగతా మూడువందల అరవై రోజులు. కప్పుకి రెండు చెంచాల పంచదారతో అయిదు టీలు తాగితే రోజుకి 40 గ్రాములు పైనే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 25 లోపు ఉంటే మేలంటోంది. సాయంత్రం బజ్జీలు, మూకుట్లో అదే నూనె రెండో రోజు, మూడో రోజు. నలుగురున్న ఇంటికి నెలకి మూడు, మూడున్నర లీటర్ల నూనె చాలని పోషకాహార సంస్థ లెక్క. మా వీధిలో అయిదు లీటర్ల డబ్బా నెలాఖరు చూడదు. అదే నేల మీద అంబాజీపేట పొట్టిక్కలున్నాయి, చుక్క నూనె లేకుండా పనసాకు బుట్టల్లో ఆవిరికి ఉడికేవి. తేగలున్నాయి, ముంజలున్నాయి, లంకల్లో పండే కూరగాయలున్నాయి. మాకు తెలియక కాదు. ఇవి తినే వీలు, కరిగించే చోటు రెండూ తగ్గిపోయాయి.

చోటంటే ఏమిటో చెబుతాను. వేసవిలో కాలవలు కట్టేసినప్పుడు పూడిక తీస్తారు, మంచి పనే. తీసిన మట్టి, గుర్రపుడెక్క తెచ్చి ఊరివైపు గట్టు మీదే కుప్పలు పోసి వెళ్లిపోతారు. వాన పడితే ఆ మట్టి జారి మళ్లీ కాలవలోకే పోతుంది, మిగిలింది ముళ్లపొద అవుతుంది. గట్టు పోయాక ఆడవాళ్లకి మిగిలింది తారురోడ్డు. తెల్లవారుజామున అయిదింటికి, కొంగు నడుముకి చుట్టుకుని, హవాయి చెప్పులతో, ఒకరి వెనక ఒకరు నడుస్తారు. మేత లారీ లైట్లు కళ్లలో పడగానే అందరూ ఒక్కసారి పంటబోదెలోకి దిగి నిలబడతారు. లారీ వెళ్లాక మళ్లీ ఎక్కి నడుస్తారు. ఇది రోజూ ఉండేదే. మొగుళ్లు టెన్షన్ పడి కొందరిని మాన్పించేశారు కూడా.

సబ్ సెంటర్ సంగతి. డిజిటల్ కాటా బల్లకింద ఉంది, దాని మీద వ్యాక్సిన్ డబ్బా. ఎక్కితే ఒకసారి బ్యాటరీ లేదని చూపిస్తుంది, దిగి మళ్లీ ఎక్కితే నిన్నటికంటే ఆరు కిలోలు ఎక్కువ చూపిస్తుంది. కొలత టేపు గుడ్డది, సాగిపోయి మొదట్లో అంకెలు చెరిగిపోయాయి. ముప్పై దాటిన ప్రతి ఒక్కరికీ ఆశా కార్యకర్త నింపాల్సిన ఫారంలో నడుము కొలతకి ఒక గడి ఉంటుంది. ఆ గడి మాత్రం ఖాళీ లేదు. 78, 78, 79, 78. ఊళ్లో ఆడవాళ్లందరికీ దర్జీ ఒకే ఆది జాకెట్టు పెట్టి కుట్టినట్టు. 80 దాటితే ఆ ఫారంలో జబ్బుల ముప్పు స్కోరు పెరుగుతుంది, స్కోరు నాలుగు దాటితే ముందుగా పరీక్షలకి పంపాలి. పంపితే అక్కడ షుగరు చూసే స్ట్రిప్పులుండవు, వెళ్లొచ్చినవాళ్లు ఆశాని తిడతారు. ఆ అమ్మాయిల మీద నాకు కోపం లేదు, నేనూ ఆ రిజిస్టర్లు మోసినదాన్నే. కానీ ఆ 78లన్నీ పైకి వెళ్లి మీ డాష్‌బోర్డు మీద మా ఊరిని ఆరోగ్యంగా చూపిస్తున్నాయి. మీ నిర్ణయాలు వాటి మీద జరుగుతున్నాయి.

బడి గురించి రెండు ముక్కలు. ప్రపంచంలో బడి వయసు పిల్లల్లో ఊబకాయం ఉన్నవాళ్ల శాతం బక్కచిక్కినవాళ్ల శాతాన్ని దాటిందని యునిసెఫ్ 2025లో చెప్పింది. మధ్యాహ్న భోజనానికి ప్రభుత్వం మా కోనసీమ తల్లి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టింది. గుడ్డు, చిక్కి, రాగిజావ ఇస్తున్నారు, ఆ పేరుకి తగ్గట్టే ఉంది. కానీ గేటు దాటగానే రంగునీళ్ల సీసాలు, నూనె కారే ప్యాకెట్లు. గ్రౌండ్‌లో సగం ధాన్యం ఆరబోత, మిగతా సగం బండ్ల పార్కింగు. టైంటేబుల్లో ఆటల పీరియడు ఉంటుంది, దాంట్లోకి లెక్కల సారు వస్తారు. ప్రైవేటు కాలేజీల్లో అయితే గ్రౌండన్నదే లేదు. పొద్దున్నుంచి రాత్రిదాకా కుర్చీలో కూర్చోబెట్టి ర్యాంకు కొట్టించిన కుర్రాడికి పాతికేళ్లకే బీపీ మాత్ర రాయాల్సి వస్తే ఆ ర్యాంకు ఏం చేసుకోవాలి?

మా కోర్కెలు ఇవి. ప్రతిదానికీ ఏ శాఖ చెయ్యాలో కూడా రాస్తున్నాను, "మా పరిధి కాదు" అనే మాట రాకుండా.

1. జలవనరుల శాఖ, పంచాయతీలు: పూడిక టెండర్లలోనే మట్టి ఎక్కడ పొయ్యాలో రాయండి. ఊరివైపు గట్టు మీద వద్దు. ప్రతి కాలవ పక్క ఊరికీ కనీసం ఒక కిలోమీటరు గట్టు చదునుచేసి, నాలుగు లైట్లు వెయ్యండి. సిమెంటు బల్లలు, రంగుల బోర్డులు, ప్రారంభోత్సవ శిలాఫలకం అక్కర్లేదు. నేల చదునుగా ఉంటే చాలు.

2. వైద్య ఆరోగ్య శాఖ: ప్రతి సబ్ సెంటర్‌కీ పనిచేసే కాటా, సాగని టేపు, ఎత్తు కొలిచే బద్ద ఇవ్వండి. బ్యాటరీలకి ఏడాదికి అయ్యే ఖర్చు మీ ఒక్క రివ్యూ మీటింగు టీ ఖర్చంత ఉండదు. నెలకోసారి తెలిసిన బరువు పెట్టి కాటా సరిచూసే పద్ధతి పెట్టండి. మా చౌకడిపో డీలరుకి ఉన్న తూనికల తనిఖీ మా ఆరోగ్యానికి ఎందుకు లేదు? నెలలో ఒక రోజు పెద్దవాళ్ల తూకం రోజు అని పెట్టండి. ఎవరి అంకె వాళ్ల చెవిలోనే చెప్పండి, పదిమందిలో అరవొద్దు.

3. విద్యాశాఖ: ఆటల పీరియడులో వేరే పాఠం చెబితే రాతపూర్వకంగా సంజాయిషీ అడగండి. గ్రౌండ్ ఖాళీ చేయించండి, అయితే రైతులకి ఆరబోత కళ్లం వేరే చూపించాకే. రైతుకీ పిల్లాడికీ తగువు పెట్టొద్దు. గ్రౌండ్ లేని ప్రైవేటు కాలేజీలకి రెన్యువల్ ఎలా వస్తోందో మీరే చెప్పాలి.

4. ఆహార భద్రతా అధికారులు: బడి గేటుకి 50 మీటర్ల లోపు కొవ్వు, ఉప్పు, పంచదార అధికంగా ఉన్న సరుకు అమ్మకూడదని 2020 నుంచే నిబంధన ఉంది. అమలు చెయ్యండి. సీబీఎస్ఈ 2025లో తన బడుల్లో చక్కెర బోర్డులు పెట్టమంది, మన ప్రభుత్వ బడుల్లోనూ పెట్టండి. ఒక సీసాలో ఎన్ని చెంచాల పంచదార ఉందో పిల్లలకి కంటికి కనబడితే చాలు. మూకుళ్లలో నూనె తనిఖీ కూడా చెయ్యండి, కానీ మొదటిసారికే బజ్జీల బండి ఎత్తుకుపోకండి. ముందు పెద్ద హోటళ్లతో మొదలుపెట్టండి.

5. డాక్టర్లు: ఇది మీకు విడిగా. "బరువు తగ్గాలి" అని రాసి వదిలెయ్యకండి. ఏం తినాలో మా తిండిలోనే చెప్పండి. ఓట్స్, ఆలివ్ నూనె మాకు రావు. రెండు గరిటెల అన్నం తగ్గించి ఆ చోట గోంగూర పప్పు, అరటిదూట కూర, ఒక గుడ్డు పెట్టుకోమంటే అర్థమవుతుంది. మొదటి గురి ఒంటి బరువులో 5 శాతమని చెప్పండి. పొట్టి అని, లావని వెక్కిరించే మాట మీ గదిలో వినబడకూడదు.

6. పౌరసరఫరాల శాఖ: కార్డుకి కందిపప్పు ప్రతి నెలా అందేలా చూడండి. బియ్యంలో కొంత బదులు రాగులో జొన్నలో కావాలన్నవాళ్లకి ఇవ్వండి. బలవంతంగా అంటగట్టొద్దు.

7. ఔషధ నియంత్రణ అధికారులు: మా ఊళ్లలో వీధికో బరువు తగ్గించే పొడుల క్లబ్బు వెలుస్తోంది. డబ్బా వేలల్లో. కొబ్బరినూనె, నిమ్మరసం డైట్ల గాలి ఒకటి కొన్నేళ్ల కిందట వీచి పోయింది, ఇప్పుడు వారానికో ఇంజెక్షన్ మాట వినబడుతోంది. ఇంజెక్షన్ మంచిదే కావచ్చు, డాక్టరు చూసి రాయాల్సినవాళ్లకి. చీటీ లేకుండా అమ్మితే షాపు మీద చర్య తీసుకోండి. ఆ పొడుల్లో ఏముందో పరీక్ష చేయించి ఫలితం నోటీసు బోర్డులో అంటించండి.

8. చివరిది, అందరికీ. ఈ ఉత్తరానికి శాఖలవారీగా రాతపూర్వక జవాబు ఇవ్వండి. ఏ పని, ఏ తేదీలోపు, ఏ అధికారి బాధ్యత అన్న మూడు ముక్కలుంటే చాలు. చెయ్యలేనిది చెయ్యలేమని రాయండి, దానికి మేం బాధపడం. "పరిష్కరించబడినది" అన్న మెసేజ్ మాత్రం మళ్లీ పంపొద్దు.

వచ్చే ఎండాకాలం కాలవలు కట్టేసి పూడిక టెండర్లు పిలిచేలోపు మొదటి కోర్కె మీద జవాబు రాకపోతే, చుట్టుపక్కల ఊళ్ల సంఘాల సంతకాలతో మళ్లీ సోమవారం మీ దగ్గరికే వస్తాం. ఈసారి మా డబ్బులతో కొన్న కాటా, టేపు కూడా తెచ్చి వరండాలో పెడతాం. అర్జీదారులతో పాటు మీ సిబ్బంది కూడా ఎక్కి చూసుకోవచ్చు, అంకె ఎవరిది వాళ్లకే చెబుతాం.

ఇట్లు,
తెల్లవారుజామున నడిచే ఆడవాళ్ల తరఫున,
ఒక రిటైర్డ్ ఏఎన్ఎం,
కోనసీమ